అమ్మమ్మ ‘లేత కెంపు’ దుద్దులు: నివేదికలో మాత్రం పింక్ సఫైర్

మూడోతరం:
మా అమ్మమ్మ దుద్దుల్లోని రాళ్లను ఇంట్లో అందరూ లేత కెంపులనే అనేవారు. మొన్న ఒకటి ఊడి చేతికొచ్చింది. ఎలాగూ విడిగా ఉంది కదా అని రత్న పరీక్షకు పంపాను. 1.10 క్యారెట్లు, సహజమైన పింక్ సఫైర్, వేడి చేసిన ఆనవాళ్లు లేవు అని వచ్చింది. ‘ఇన్నాళ్లూ కెంపనుకున్నామే’ అని అమ్మ బాధపడుతోంది. అప్పట్లో మావాళ్లను మోసం చేశారంటారా?

తూర్పుగాలి:
మోసం లేదండీ. చాలా ఏళ్లు రాళ్లు పరీక్షించినవాడిగా చెబుతున్నాను. కెంపూ, నీలమూ (సఫైర్), మీ గులాబి రాయీ అన్నీ కురువిందం అనే ఒకే ఖనిజమే. అందులో క్రోమియం రవ్వంత చేరితే గులాబి, ఇంకాస్త చేరితే ఎరుపు. గులాబి ఎక్కడ ముగిసి ఎరుపు ఎక్కడ మొదలవుతుందో అందరూ ఒప్పుకున్న హద్దు లేదు. ఒకే రాయిని ఒక ల్యాబు కెంపనీ, మరొకటి పింక్ సఫైరనీ రాయవచ్చు. ‘లేత’ అన్న మాట చేర్చి పెద్దవాళ్లు సరిగ్గానే పిలిచారు. అమ్మగారికి ఈ సంగతి తప్పక చెప్పండి.

వెన్నెల72:
మీరు అదృష్టవంతులు. నేను శ్రీలంకలోని రత్నపురలో పింక్ సఫైర్ అని కొన్న రాయి స్పినెల్ అనే వేరే ఖనిజమని తేలింది. రాయిలో వెలుగు ఎంత వంగుతుందో చెప్పే వక్రీభవన సూచిక 1.718 వచ్చింది. సఫైర్‌కైతే 1.762 నుంచి 1.770 మధ్య ఉండాలట. రంగులో ఏ తేడా కనిపించలేదు, పదిరెట్ల భూతద్దంతో చూసినా నాకు తెలియలేదు. స్పినెల్ కూడా మంచి రాయే, ఇప్పటికీ ఇష్టంగా పెట్టుకుంటాను. కానీ ఇచ్చింది సఫైర్ ధర. ముందు పరీక్ష, తర్వాతే డబ్బు అని ఆ రోజే చెప్పేవాళ్లుంటే బాగుండేది.

మూడోతరం:
తూర్పుగాలి గారూ, వేడి చేయలేదంటే విలువ పెరుగుతుందా?

తూర్పుగాలి:
బాగా పెరుగుతుంది. 1998లో మడగాస్కర్‌లోని ఇలకాక దగ్గర నిక్షేపాలు బయటపడ్డాక గులాబి రాళ్లు సంతలోకి విరివిగా వచ్చాయి. వాటిలో ఊదా ఛాయ పోగొట్టడానికి సన్నని వేడి ఇస్తారు. దాని ఆనవాలు పట్టడం అనుభవజ్ఞులకూ కష్టమే. బెరీలియం అనే లోహాన్ని చొప్పించి రంగు మార్చినవైతే ధర బాగా పడిపోతుంది. వేడి తగలని రాయికి రంగు నిండుగా ఉండి, లోపల మసక లేకపోతే ధర మరో మెట్టు ఎక్కుతుంది.
ఒక్క మాట. రెండో దుద్దు రాయిని పరీక్షించారా? వెర్నయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1902లో మంటలో కురువిందం చేసే పద్ధతి వెల్లడించాడు. పాత నగల్లో అలాంటి రాళ్లు చాలా కనిపిస్తాయి. అది కూడా కురువిందమే కనుక సూచిక సహజ రాయిలాగే వస్తుంది. సూక్ష్మదర్శినిలో వంపు గీతలు కనిపిస్తేనే గుట్టు తెలుస్తుంది.

కొలిమి:
మాది తరతరాల కంసాలి పని. తిరిగి పొదిగించేటప్పుడు జాగ్రత్త అమ్మా. రాయి ఉండగానే వెలిగారం రాసి అతుకు పెడితే, ఆ వేడికి వెలిగారం కురువిందం పైపొరను తినేస్తుంది. నునుపు పోయి రాయి మసకబారుతుంది. మళ్లీ సాన పడితే బరువు తగ్గుతుంది. నేర్చుకునే రోజుల్లో నా చేతుల్లోనే ఒక రాయి అలా పాడైంది, ఆ ఇంటివాళ్ల ముఖాలు ఇంకా గుర్తున్నాయి. పాత గూళ్లలో రాయి వెనుక రంగు రేకు కూడా ఉంటుంది. నీళ్లు దిగితే అది నల్లబడుతుంది, నానబెట్టి కడగవద్దు.

మూడోతరం:
రెండో రాయి నివేదిక వచ్చింది. వంపు గీతలున్నాయి, కృత్రిమం. అమ్మకు చెబితే కాసేపు ఆలోచించి, తన చిన్నప్పుడు ఒక దుద్దు రాయి బావి దగ్గర పోయిందనీ, తాతయ్య పట్నం నుంచి జోడీ వెతికి తెచ్చారనీ గుర్తుచేసుకుంది. ఆ రాయిని మార్చవద్దంది. రెండూ వాటి గూళ్లకే వెళ్తున్నాయి. కొలిమి గారూ, అతుకు పని ముందు, రాళ్లు తర్వాత అని మా కంసాలికి గట్టిగా చెప్పాను.