బ్రెయిడ్ కొనకపోతే చేప పడదా? నైలాన్ వర్సెస్ బ్రెయిడ్ వర్సెస్ ఫ్లోరో, తేల్చండి

గాలంగోల:
అందరికీ నమస్తే. నేను మొదట్నుంచీ నైలాన్ దారమే, 0.35 మి.మీ., మామూలు స్పిన్నింగ్ రీలు, ఆరడుగుల రాడ్డు. ఎక్కువగా ఒడ్డున కూర్చుని బెండు కట్టి వానపాము వేస్తా, బుద్ధి పుడితే స్పూనో రబ్బరు కప్పో విసురుతా. ఈమధ్య నాతో వచ్చేవాళ్ళది ఒకటే పోరు, ఇంకా ఈ నైలానేంట్రా బాబూ, బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన దారం) చుట్టు, ముందు ఫ్లోరో లీడర్ (గాలం వైపు కట్టే ఫ్లోరోకార్బన్ దారం ముక్క) కట్టు, అప్పుడు చూడు అని. వాళ్ళ సామాను చూస్తే కళ్ళు తిరుగుతాయి, అది నిజమే. కానీ పక్కపక్కన బెండు వేసి కూర్చున్నప్పుడు వాళ్ళకి పడ్డ రోజు నాకూ పడుతోంది, నాకు పడని రోజు వాళ్ళకీ ఖాళీయే. మరి ఈ దారం గోలంతా చేపని పట్టడానికా, మనల్ని పట్టడానికా? వాడినవాళ్ళు చెప్పండి, వీడియో లింకులు వద్దు ప్లీజ్.

నీటికోడి:
బ్రో, బెండు వేసి కూర్చుంటే ఎవడికైనా అంతే, అక్కడ దారంతో పనేముంది. లూర్ (బొమ్మ ఎర) విసిరితే తెలుస్తుంది. 20 పౌండ్లు మోసే బ్రెయిడ్ లావు ఎంతో తెలుసా, ఇంచుమించు 6 పౌండ్ల నైలాన్ అంత. అదే రీల్లో ఎక్కువ దారం పడుతుంది, చిన్న లూర్ కూడా దూరం పోతుంది. పైగా సాగదు. నైలాన్ తెగేలోపు 20 శాతం పైనే సాగుతుంది, బ్రెయిడ్ నాలుగైదు శాతం. నలభై మీటర్ల అవతల చేప కొట్టిందనుకో, నైలాన్ పది శాతం సాగినా నాలుగు మీటర్లు, నువ్వు రాడ్డు వెనక్కి లాగేదే రెండు మీటర్లు, ఇంక గాలం దిగేదెక్కడ? చూపుడువేలు దారం మీద పెట్టి లాగుతుంటే కింద బురదా, గులకరాయా, ఆకు తగిలిందా అన్నీ వేలికే తెలిసిపోతాయి. ఒకసారి అలవాటైతే నైలాన్ మళ్ళీ ముట్టుకోవు.

పాతగాలం:
లెక్కలు బాగున్నాయి నాయనా. ఇది కూడా విను. 1932లో అమెరికాలో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే ఆయన ఒక లార్జ్‌మౌత్ బాస్ (మంచినీటి చేప) పట్టాడు, 22 పౌండ్ల 4 ఔన్సులు. అప్పటికి నైలాన్ అన్న మాటే లేదు, డుపాంట్ కంపెనీ వాళ్ళు దాన్ని బయటికి ప్రకటించిందే 1938లో. అప్పట్లో ఉన్నవి పట్టుదారం, నారదారం. నారదారాన్ని వచ్చినరోజే విప్పి ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేది. ఆ ప్రపంచ రికార్డు ఎప్పుడు సమం అయిందో తెలుసా, 2009లో, జపాన్‌లో బివా సరస్సులో మనాబు కురిత పట్టినప్పుడు. ఆయనది ఓ ఔన్సు కంటే తక్కువే ఎక్కువ తూగింది, కొత్త రికార్డు అవ్వాలంటే రెండు ఔన్సులు దాటాలి కాబట్టి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. 77 ఏళ్ళు. ఈలోపు నైలాన్ వచ్చింది, ఫ్లోరో వచ్చింది, బ్రెయిడ్ వచ్చింది, కార్బన్ రాడ్డు వచ్చింది, పడవలో చేపని చూపించే టీవీ కూడా వచ్చింది. చేప మాత్రం అంతే ఉంది.

బెండుమునిగె:
టీవీ 😂😂 దాన్ని ఫిష్ ఫైండర్ అంటారు బాబాయ్. మా వాడొకడు దాన్ని చూస్తూ చూస్తూ రాడ్డుని చేపకి అప్పజెప్పాడు

లెక్కలమాస్టారు:
పాతగాలం గారూ, పెర్రీ కథ ఎప్పుడు విన్నా బాగుంటుంది కానీ దీనికి సాక్ష్యంగా పనికిరాదండి. రికార్డు అంటే ఒక్క చేప. ఆ రోజుల్లో నారదారం తెగి పోయినవాటికి రికార్డు పుస్తకం లేదు కదా. పైగా చేప ఎంత పెరగాలో చెరువు తేలుస్తుంది, దారం కాదు.

నీటికోడీ, నీ నాలుగు మీటర్ల లెక్కలో కూడా చిన్న మోసం ఉంది. దారం పది శాతం సాగాలంటే దానిమీద గట్టి లోడు పడాలి, గాలం గుచ్చేటప్పుడు మనం లాగే లాగుడుకి అంత సాగదు. సన్న వైరు గాలం, మొన బాగుంటే, కొంచెం లాగుడుకే దిగిపోతుంది. లావు వైరు గాలం, దానికి రబ్బరు కప్ప, చేప దూరంగా గడ్డిలో ఉంది, అప్పుడు నువ్వన్నదే కరెక్టు, అక్కడ బ్రెయిడ్ లేకపోతే కష్టం. కొర్రమీను కోసం ఆకుల మీద కప్ప ఆడించేవాళ్ళు నైలాన్‌కి తిరిగి వెళ్ళరు, వెళ్ళక్కర్లేదు కూడా, లాగితే సన్న దారం తూడుని కోసుకుంటూ వచ్చేస్తుంది.

అదే బెండు కింద వానపాము వేసి పాతిక అడుగుల్లో కూర్చున్నవాడికి నైలాన్ "చాలు" అని కాదు, అదే మేలు. చేప దగ్గరికొచ్చి ఒక్కసారి తల విదిలిస్తుంది చూడండి, ఆ విదిలింపుని నైలాన్ మింగేస్తుంది. బ్రెయిడ్ అయితే ఆ దెబ్బంతా పోయి గాలం గుచ్చుకున్నచోట పడుతుంది, కన్నం పెద్దదవుతుంది, మెత్తని నోరున్న చేప జారిపోతుంది. గాలంగోల గారు వాళ్ళతో సమానంగా పట్టడానికి ఇదొక కారణం కావచ్చు.

రాతిగట్టు:
నేను సముద్రం రాళ్ళ మీద నుంచి వేసేవాణ్ణి, ఇక్కడెవరూ రాయి సంగతి ఎత్తట్లేదేంటి. బిగుసుకున్న బ్రెయిడ్ గుల్లలు పట్టిన రాతి అంచుకి ఒక్కసారి తగిలితే ఫట్. దాంట్లో ఒక్కో పోగు వెంట్రుక కంటే సన్నం, ఒకటి తెగాక మిగతావి వరసగా పోతాయి. అదే లావు నైలాన్ గీరుకుపోయినా చేప ఒడ్డుకి వచ్చేదాకా ఓపిక పడుతుంది. అందుకే మేం మెయిన్ లైన్ బ్రెయిడ్ వేసినా ముందు రాడ్డంత పొడవు లావు లీడర్ కడతాం. లీడర్ లేకుండా బ్రెయిడ్‌కే డైరెక్టుగా గాలం కట్టేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంకో సంగతి, కొత్తవాళ్ళ కోసం. బ్రెయిడ్‌ని వట్టి చేత్తో పట్టుకుని లాగొద్దు, చేతికి చుట్టుకోవడం అసలే వద్దు. గాలం రాయికి పట్టేసినప్పుడు కర్రముక్కకి నాలుగు చుట్లు చుట్టి లాగండి. వేళ్ళు కోసుకుంటే ఎముకదాకా పోతుంది, నేను పక్కవాడిది చూశా.

గాలంగోల:
మాస్టారూ మంచి మాట చెప్పారు, థాంక్స్. కానీ ఒక విషయం వదిలేశా ఇందాక. పెద్ద చేపలు పడ్డప్పుడు ఒడ్డు దాకా వచ్చి దారం పోతోంది. గాలంతో సహా పోతోంది. అది చూసే కదా వాళ్ళు నైలాన్‌ని తిట్టేది. 0.35 అంటే పది పన్నెండు పౌండ్లు పైనే మొయ్యాలి కదా, ఎందుకు పోతోందంటారు?

లెక్కలమాస్టారు:
పోయాక మీ చేతిలో మిగిలిన కొస ఎలా ఉంది? అది చూడకుండా దారాన్ని తిట్టకూడదు. కొస పందితోకలా మెలికలు తిరిగి ఉంటే దారం తెగలేదు, ముడి జారింది. గరుకుగా తెల్లగా గీట్లు పడి ఉంటే రాయో దుంగో గీరింది. నున్నగా కోసినట్టుంటే పళ్ళు. ఏ గీటూ లేకుండా ఠపీమని తెగితే అప్పుడు దారం పాతబడిందా, డ్రాగ్ (చేప లాగితే రీలు దారం వదిలే బిగువు) ఎక్కువ బిగించారా అని చూడాలి.

గాలంగోల:
మెలికలే ఉంది సార్. ప్రతిసారీ.

లెక్కలమాస్టారు:
ఇంకేం, అది నైలాన్ తప్పు కాదు. ముడి బిగించేముందు ఉమ్మో నీళ్ళో తగిలించి తడపండి, మెల్లగా లాగండి, కొస రెండు మి.మీ. వదిలి కత్తిరించండి. పొడిగా లాగి బిగిస్తే రాపిడి వేడికి ముడి దగ్గర నైలాన్ దెబ్బతింటుంది, పైగా చుట్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. పాలమార్ అనే ముడి వేసుకోండి, చీకట్లో కూడా వెయ్యొచ్చు. తర్వాత డ్రాగ్. దారం బలంలో పావు వంతు నుంచి మూడో వంతు మధ్య వదిలేలా పెట్టాలి, 12 పౌండ్ల దారానికి మూడు నాలుగు పౌండ్లు. చేత్తో లాగి "బానే ఉంది" అనుకోవద్దు, స్ప్రింగ్ కాటా తగిలించి చూడండి, చాలామందిది రెట్టింపు బిగించి ఉంటుంది. ఒడ్డు దగ్గరకొచ్చేసరికి బయట ఉన్న దారం పొట్టి, సాగడానికి పెద్దగా ఏమీ మిగలదు, పోయేవన్నీ అక్కడే పోతాయి.

ఎండలో పెట్టే రీలైతే నైలాన్‌ని ఏడాదికోసారైనా మార్చండి, ఎండకి అది పెళుసవుతుంది. బ్రెయిడ్‌కి ఆ బాధ తక్కువ, అది నీటికోడి పక్షాన వేసుకోవచ్చు.

నీటికోడి:
అదే కదా నేను మొదట్నుంచీ అంటోంది, ఏడాదికోసారి మార్చే నైలాన్ కంటే ఒకసారి చుట్టి ఏళ్ళు వాడే బ్రెయిడ్ నయం. సగం పాడైతే తిరగేసి చుట్టుకోవచ్చు. సరే ఫ్లోరో సంగతేంటి మరి, అది నీళ్ళలో కనపడదు అది ఒప్పుకుంటారా లేదా?

లెక్కలమాస్టారు:
సగం ఒప్పుకుంటా. వెలుగు వంగే లెక్క నీటికి 1.33, ఫ్లోరోకార్బన్‌కి 1.42, నైలాన్‌కి 1.5 పైన. అంటే నీటికి దగ్గరగా ఉంది, అంతేగానీ మాయమవ్వదు. గ్లాసు నీళ్ళలో రెండూ ముంచి పక్కపక్కన చూడండి, రెండూ కనపడతాయి, ఫ్లోరో కొంచెం తక్కువ. తేటనీళ్ళలో, ఎండలో, బెదిరే చేపకి పనికొస్తుందేమో. మన్ను కలిసిన నీళ్ళలో చేపకి ఎర కనపడటమే గొప్ప.

ఫ్లోరోకి అసలు గుణాలు వేరే, బరువు, రాపిడి తట్టుకోవడం. నీటికి 1 అయితే దానికి 1.78 సాంద్రత, గబగబా మునుగుతుంది. కింద అడుగున ఆడించే లూర్‌కి బంగారం. అదే నీటి పైన తేలుతూ ఆడే లూర్‌కి కడితే ముక్కు పట్టుకుని కిందికి లాగేస్తుంది. బ్రెయిడ్ 0.97, తేలుతుంది, పైన ఆడేవాటికి బాగుంటుంది కానీ పక్కగాలికి విల్లులా వంగుతుంది. నైలాన్ 1.14, మెల్లగా మునుగుతుంది.

పాతగాలం:
ఇన్ని గ్రాముల లెక్కలు అవసరమా అని నా అనుమానం ఇంకా పోలేదు మాస్టారూ. ముడి, డ్రాగ్, గాలం మొన, మూడూ మీరే చెప్పారు, మూడిట్లో ఏదీ కొత్తగా కనిపెట్టింది కాదు. గాలం మొనని బొటనవేలి గోరు మీద ఆనించి లాగితే జారకుండా పట్టుకోవాలి, జారితే ఆకురాయి. ఈ పిల్లలు అంత ఖరీదు దారం చుట్టి తుప్పు పట్టిన గాలం కడతారు, అడిగితే "కంపెనీది అంకుల్" అంటారు.

రాతిగట్టు:
బాబాయ్ గారూ అది నిజమేగానీ కొత్త సామానుతో అవ్వనివి కొన్ని కొత్తగా అయ్యాయి కదా. నూటయాభై మీటర్ల లోతులో సన్న బ్రెయిడ్ వేసి ఇనుప జిగ్గు (బరువు లూర్) ఆడించడం నారదారంతో కుదురుతుందా? ప్రవాహమే ఆ లావు దారాన్ని ఎక్కడికో లాక్కుపోతుంది, కింద చేప కొట్టినా మీకు కబురు అందదు. చెరువుగట్టున కూర్చుని మాట్లాడితే అన్నీ అనవసరమే అనిపిస్తాయి.

పాతగాలం:
అది ఒప్పుకుంటా. లోతు సంగతి వేరు.

గాలంగోల:
నేను చెరువుగట్టు మనిషినే, కాబట్టి బెండు రీలుకి నైలానే ఉంచుతున్నా, కొత్తది చుట్టి పాలమార్ నేర్చుకుంటా. కప్ప విసరడానికి ఇంకో స్పూల్‌కి (రీల్లో దారం చుట్టే ఉండ్రకి) మాత్రం బ్రెయిడ్ చుడదామని ఉంది. స్పూల్ మీద బ్రెయిడ్ జారిపోతుందని ఎక్కడో చదివా, నిజమా? లీడర్‌కి ఏ ముడి?

రాతిగట్టు:
నిజం, మొత్తంగా గిర్రున తిరుగుతుంది, మీకేమో డ్రాగ్ పాడైందనిపిస్తుంది. అడుగున కొన్ని మీటర్లు నైలాన్ చుట్టి దానిమీద బ్రెయిడ్ కట్టండి. చుట్టేటప్పుడు తడిగుడ్డతో పట్టుకుని బిగుతుగా చుట్టాలి, వదులుగా చుడితే లోడు పడ్డప్పుడు పై చుట్టు కిందికి దిగబడిపోతుంది, తర్వాత విసిరితే చిక్కుముడే. లీడర్ మెయిన్ లైన్ కంటే తక్కువ బలం ఉండేలా చూసుకోండి, పట్టేసి తెంపాల్సి వస్తే లీడర్ దగ్గర తెగుతుంది, వంద మీటర్ల బ్రెయిడ్ నీళ్ళలో వదిలేసి పక్షుల కాళ్ళకి చుట్టే పాపం ఉండదు. ముడి ఎఫ్‌జీ. ఇంకో మాట లేదు.

నీటికోడి:
ఎఫ్‌జీ సన్నగా రాడ్డు రింగుల్లోంచి జారిపోతుంది, సూపర్, కానీ కొత్తవాడికి గాలిలో, దోమల్లో, తడిచేతుల్తో అది వెయ్యమని ఎవడైనా చెప్తాడా? డబుల్ యూనీ వేసుకో బ్రో, రెండు నిమిషాలు.

రాతిగట్టు:
డబుల్ యూనీ ముడి బొడిపె రింగుకి తట్టుకుని ఠక్ ఠక్ మంటుంది, లీడర్ పొడుగు పెట్టుకున్నావంటే ప్రతి విసురుకీ అదే గోల.

బెండుమునిగె:
దారం గొడవ అయింది, ఇప్పుడు ముడి గొడవ. కొత్త థ్రెడ్ పెట్టండయ్యా, నేను పాప్‌కార్న్ తెచ్చుకుంటా

నీటికోడి:
పొడుగు ఎవడు పెట్టమన్నాడు, కప్ప విసరడానికి జానెడు లీడర్ చాలు, ముడి రింగుల్లోకే రాదు. అసలు గడ్డిలో కప్పకి లీడరే ఎందుకంటా.

రాతిగట్టు:
మళ్ళీ మొదలెట్టావా.