అప్‌డేట్: కింగ్ కాంగ్‌లో దుంగ అదే!

లోయకు అడ్డంగా పడి ఉన్న ఆ పెద్ద చెట్టు దుంగ 1933 నాటి కింగ్ కాంగ్‌లోనూ, 1932 నాటి ది మోస్ట్ డేంజరస్ గేమ్‌లోనూ ఒకటేనా, లేక నా భ్రమా అని అడిగాను కదా. భ్రమ కాదు, ఒకటే. రెండూ ఆర్‌కేఓ స్టూడియో సినిమాలే. ఒకే అడవి సెట్‌ను రెండింటికీ వాడుకున్నారు.

మీరు చెప్పినట్టే రెండు సీన్లూ పాజ్ చేసి పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాంట్లో వేటగాడి నుంచి పారిపోతున్న జంట ఆ దుంగ దాటుతుంది. రెండోదాంట్లో భారీ గొరిల్లా కాంగ్ అదే దుంగను ఊపి నావికులను లోయలోకి పడేస్తుంది. నటి ఫే రే, నటుడు రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ రెండింట్లోనూ ఉన్నారు. కింగ్ కాంగ్‌లో ఫే రేకు బంగారు రంగు విగ్గు పెట్టడంతో మొదట పోల్చుకోలేకపోయాను.

ఇంతకంటే నన్ను కదిలించింది కింగ్ కాంగ్‌లో ద్వీపంపై కనిపించే ఆ మహా గోడ కథ. 1927లో సెసిల్ బి. డిమిల్ తీసిన ది కింగ్ ఆఫ్ కింగ్స్ కోసం వేసిన సెట్‌నే మార్చి ఆ గోడగా చేశారట. చివరికి 1938 డిసెంబరులో గాన్ విత్ ది విండ్ కోసం అట్లాంటా నగరం తగలబడే సీన్ తీసినప్పుడు, మిగతా పాత సెట్లతో పాటు దాన్నీ తగలబెట్టేశారు. ఈసారి ఆ మంటల సీన్‌ను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూడబోతున్నాను. గోడ కనిపిస్తే ఎన్నో నిమిషమో రాస్తాను.