వానపాముల తొట్లు: విదేశీ ఎర్రలు మన చెల్కల్ల పడితే ఏమైతది?

చెల్క_నర్సంపేట: వానపాముల ఎరువు తొట్టి కడ్దామని అడిగితే ఎర్రలు అమ్మేటోళ్ల దగ్గర ఐసీనియా, యూడ్రిలస్ అనే రెండు జాతులే ఉన్నయ్. ఒకటి యూరప్‌ది, ఇంకోటి ఆఫ్రికాది. ఎరువుతోటి పొలంలకు పోతే నాటు ఎర్రలు మిగుల్తయా?

ఎరువుగుంత: ఏం కాదు. ఐసీనియా పెండ, కుళ్లిన ఆకు ఉన్నకాడనే బతుకుతది, మట్టిలకు దిగదు. 35 డిగ్రీలు దాటితే తట్టుకోదు. మనకాడ మే నెలల 40 దాటుతది. నీడకు పందిరేసి, గోనె సంచులు తడిపి కప్పితేనే తొట్టిల నిలుస్తయ్. చెల్కల ఏం పాకుతయ్?

నాటువిత్తనం: అమెరికాల గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల చుట్టున్న అడవుల్ల మంచుయుగం తర్వాత ఎర్రలే లేకుండె. గాలాలకు తెచ్చి మిగిలినవి పారవోస్తే నేల మీది ఆకుపొరంత తినేసినయ్.

ఎరువుగుంత: అది చలిదేశం ముచ్చట.

నాటువిత్తనం: పాంటోస్కోలెక్స్ అనే ఎర్ర దక్షిణ అమెరికాది, ఇప్పుడు కేరళ తోటల్ల ఉన్నది. కేరళ గూడ చలిదేశమేనా?

ఎరువుగుంత: అది మట్టి తినే జాతి, తొట్ల పెంచేది కాదు. మాట మార్చకు.

హన్మకొండ_మిద్దె: మీ లొల్లి ఆపి ఇది చెప్పుండ్రి, కోళ్ల పెంట వెయ్యొచ్చా?

ఎరువుగుంత: పచ్చిది వద్దు, అమోనియాకు చస్తయ్. పశువుల పెండనైనా 15 రోజులు మాగనియ్యి. లోపలికి చెయ్యి పెడితే వెచ్చగ తగిలిందా, ఎర్రలు వదలకు. తెల్లారేసరికి గోడలెక్కి పోతయ్. పిడికెడు తీసి పిండితే ఒకట్రెండు చుక్కలు రాలాలె, ధార కట్టొద్దు.

నాటువిత్తనం: ఎరువు తీసే కాడి సంగతి చెప్పవేంది? నీళ్లాపి కుప్ప పోస్తే పెద్దయి అడుక్కు దిగుతయ్. ఆవగింజ కన్న జర పెద్దగ, నిమ్మకాయ తీరుండే గుడ్లు జల్లెడల నుంచి జారి పొలంకు పోతయ్.

ఎరువుగుంత: పోతయ్. పిల్లలైనా పెండ లేక చస్తయ్. అసలు నీ కోపం ఎర్రల మీదనా, అమ్మేటోళ్ల మీదనా?

నాటువిత్తనం: అమ్మేటోళ్ల మీదనే! కిలోకు వెయ్యి ఎర్రలని చెప్పి సగం పెండ తూకమేస్తరు. ఎండకు చస్తయ్, రైతు మల్ల కొంటడు. లాంపిటో అనే ఎర్ర మన నాటుదే. బొరియలు తవ్వి వాన నీళ్లను కిందికి దించుతది. చెత్త కప్పితే సాలు, కొనే పనే లేదు. అది నువ్వు ఒక్కసారన్న రాసినవా?

ఎరువుగుంత: పత్తి కట్టె కాలవెట్టేటోళ్లకు చెత్త కప్పుమని నువ్వే పోయి చెప్పు. వింటే నేను తొట్లు కట్టుడు బందు చేస్త.

చెల్క_నర్సంపేట: అన్నా, తొట్టి కట్టాల్నా వద్దా?

ఎరువుగుంత: కట్టు. 10 అడుగుల పొడవు, 3 వెడల్పు, 2 లోతు. అడుగున నీళ్లు పోను బొక్క మరువకు. చుట్టూ సన్న కాలువ తీసి నీళ్లు నింపు, చీమలు దాటవు.

నాటువిత్తనం: కట్టు తమ్మీ. కొనేటప్పుడు మాత్రం పెండ విదిలించి తూకమెయ్యమను.