అప్‌డేట్: 600 బస్తాల ఆఫర్ వదిలేశా

ఇందుకూరుపేట దగ్గర మా ఆక్వా షాపుకి మినరల్ బస్తాలు ఒకేసారి 600 ఎత్తితే 2% తగ్గిస్తామన్నారు, ఎత్తాలా వద్దా అని అడిగా గదా, మీరు చెప్పినట్టే లెక్క కట్టి చూశానన్నా.

ఏడాదికి 2400 బస్తాలు, బస్తా 1000, ఆర్డర్ పెట్టినప్పుడల్లా బండి బాడుగ, హమాలీ కలిపి 600, సరుకు ఉంచుకున్నందుకు వడ్డీ, గోడౌన్ అద్దె ఏడాదికి 20% అనుకుంటే 1913లో హారిస్ రాసిన ఫార్ములా ప్రకారం ఈఓక్యూ, అంటే ఒక్కోసారి ఎన్ని తెస్తే మొత్తం ఖర్చు తక్కువో ఆ లెక్క, 120 వచ్చింది. ఏడాదికి మొత్తం ఖర్చు 24,24,000.

600 చొప్పున తెస్తే 24,13,200. అంటే మిగిలేది 10,800 అంతే, దానికోసం అంత డబ్బు ఇరికించుకోవాలా? అసలు మజా ఏందంటే 300కి 1.5% స్లాబ్ ఒకటుంది, దాన్ని నేను పట్టించుకోలా, అదైతే 23,98,350! 25,650 మిగులు. పెద్ద డిస్కౌంటే లాభం అనుకుంటాం గానీ 600 తెస్తే సగటున 300 బస్తాలు గోడౌన్లో కూర్చుంటాయి, వాటి ఖర్చు 12,000 నుంచి 58,800కి పెరుగుద్ది, డిస్కౌంట్ వచ్చేది 48,000, అది దాదాపు అంతా దానికే పోద్ది, మిగిలేది ఎక్కువగా బాడుగలోనే.

300కే ఖాయం చేశా. కాకపోతే ఈ ఫార్ములా ఏడాదంతా గిరాకీ ఒకేలా ఉంటదనుకుంటది, మన రొయ్యల గుంటలకి అట్లా కుదరదు, అందుకే పంట లేని నెలల్లో మాత్రం 120 చాలు.