కథలు మొదలవుతున్నాయి, ముగియడం లేదు. ఏం చేయాలి?

సగంకథ:
అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయిని, కర్నూల్లో హాస్టల్. ఫోన్ నోట్స్ నిండా కథల మొదటి పేజీలే ఉన్నాయి. ఒక నవల మూడో అధ్యాయం దగ్గర ఆగింది. నాలుగు రోజులు ఊపుగా రాస్తాను, అయిదో రోజు చదువుకుంటే చెత్తలా కనిపిస్తుంది, వదిలేస్తాను. యూట్యూబ్‌లో చూస్తే రోజుకు వెయ్యి పదాలు రాయమంటారు. క్లాసులు, రికార్డులు, మెస్ టైమింగ్స్ మధ్య అది నా వల్ల కావడం లేదు. రూమ్‌లో నలుగురం, టేబుల్ లేదు. "నీ మీద నమ్మకం పెట్టుకో" లాంటివి వద్దు, ఏ రోజు ఏం చేయాలో చెప్పండి ప్లీజ్.

పేజీమార్జిన్:
ముందు ఆ నవలను పక్కన పెట్టేయండి. ఒక్క చిన్న కథ కూడా ముగించకుండా నవల ఎత్తుకుంటే మూడో అధ్యాయం దగ్గరే ఆగుతుంది, అక్కడికి మొదట్లో ఉన్న ఊహ ఖర్చైపోతుంది.

వెయ్యి పదాల లెక్క ఇంగ్లీషు రాసేవాళ్ళది. మనకు విభక్తులూ సహాయక క్రియలూ మాటకే అతుక్కుంటాయి, అదే సంగతికి పదాల సంఖ్య బాగా తక్కువ వస్తుంది. మీరు 200 పెట్టుకోండి. మామూలు చేతిరాతతో గీతల లాంగ్ నోట్‌బుక్‌లో అది పేజీన్నర, 40 నిమిషాల పని. వారానికి అయిదు రోజులు రాస్తే 1000 పదాలు, ఒక చిన్న కథకు దాదాపు చిత్తుప్రతి.

ఇక అసలు జబ్బు. నోట్స్ నిండా మొదటి పేజీలే ఉన్నాయంటే మీ దగ్గర ఉన్నవి సందర్భాలు, కథలు ఇంకా కాలేదు. "గుంటూరు మిర్చి యార్డులో ఒక రైతు, ధర పడిపోయింది" అన్నది సందర్భం. ఇవాళ్టి ధరకు అమ్మితే అప్పు తీరదు, బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెడితే అద్దె పెరుగుతుంది, కూతురి ఫీజుకు రేపే ఆఖరు, సాయంత్రంలోపు తేల్చుకోవాలి అంటే కథ. కాబట్టి మొదటి వాక్యం కన్నా ముందు మూడు లైన్లు రాసుకోండి: ఎవరు, ఇవాళే తేల్చుకోవలసింది ఏమిటి, చివరికి వెనక్కి తీసుకోలేని పని ఏం చేస్తారు. మూడో లైను రాకపోతే ఆ కథ మొదలుపెట్టకండి. ఇంకో కథకు మూడు లైన్లు రాయండి.

అది కుదిరాక నాలుగైదు సన్నివేశాలుగా విడగొట్టుకోండి, ఒక్కోటి 200 నుంచి 300 పదాలు. ఒకసారి కూర్చుంటే ఒక సన్నివేశం. రాస్తూ గూగుల్ తెరవద్దు. యార్డులో కమీషన్ ఎంతో తెలియకపోతే అక్కడ చుక్క గుర్తు పెట్టి ముందుకు సాగండి. వెతకడానికని తెరిచిన ఫోన్ రీల్స్‌లో తేలుతుంది, ఇది అందరికీ తెలిసిందే. లేచేటప్పుడు మర్నాడు రాయబోయే మొదటి వాక్యాన్ని పేజీ అడుగున పెట్టుకోండి. మర్నాడు వెనక్కి చదవాల్సింది చివరి పేరా ఒక్కటే, మొత్తం కాదు. అయిదో రోజు చెత్తలా కనిపించడానికి కారణం ఇదే: మీరు చిత్తుప్రతిని తీసుకెళ్ళి నాలుగుసార్లు దిద్ది అచ్చు వేసిన కథల పక్కన పెడుతున్నారు.

పూర్తయ్యాక వారం పది రోజులు ముట్టుకోవద్దు. ఆ వారంలో తర్వాతి కథకు మూడు లైన్లు చూసుకోండి, చేతికి పని ఉంటుంది. తర్వాత పెన్సిల్ పట్టుకుని గట్టిగా బయటికి చదవండి. మొదటిసారి సన్నివేశాల వరస మాత్రమే చూడండి. కొత్తవాళ్ళ కథల్లో మొదటి పేరా (తెల్లవారడం, అలారం, బస్సు కిటికీ) ఎత్తేస్తే చాలావరకు నష్టమేమీ ఉండదు. రెండోసారి సంభాషణలు, ఆఖరున అక్షరదోషాలు. ఈ వరస తిరగబడితే ఎలాగూ కొట్టేయబోయే పేరాలో ఒత్తులు దిద్దుతూ కూర్చుంటారు.

కథలపిచ్చి:
పైవారు చెప్పిన మూడు లైన్ల పద్ధతి బాగుంది. "వారానికి అయిదు రోజులు" దగ్గర మాత్రం ఒప్పుకోను. హాస్టల్ పిల్లలకు ఇంటర్నల్స్, రికార్డు సబ్మిషన్లు వచ్చినప్పుడు రెండు రోజులు పోతాయి, పోయిన రెండు రోజుల అపరాధభావంతో ఆ వారమంతా పోతుంది. చూడమ్మా, వారానికి మూడు పూటలు ఖాయం చేసుకో. ఒక్కోటి గంట, ఒక్కో సన్నివేశం. చోటు కూడా ఖాయం చెయ్యి: కాలేజీ లైబ్రరీ రీడింగ్ హాలు, లేకపోతే జిల్లా గ్రంథాలయం. ఫోన్ బ్యాగులో, చేతిలో నోట్‌బుక్. పరీక్షల నెలలో రాయడం పూర్తిగా ఆపేసి, విన్న మాటలు రోజుకు రెండు రాసుకుంటే చాలు.

రాయని రోజుల్లో చదవడమే పని, అయితే విప్పి చూస్తూ చదవాలి. ఒక కథ తీసుకుని మార్జిన్‌లో సన్నివేశాలకు అంకెలు వెయ్యి. కాలం ఎక్కడ దూకింది, సమస్య ఎన్నో పేరాలో తెలిసింది, సంభాషణ ఎక్కడ ఆగి కథనం మొదలైంది, గుర్తు పెట్టు. కొనక్కర్లేదు. కథకులు కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి వెబ్‌సైటు ఉంది, పాత పత్రికల్లోని కథలు స్కాన్ రూపంలో అక్కడ దొరుకుతాయి. కథాసాహితి వారు 1990 నుంచి వేస్తున్న వార్షిక కథా సంకలనాల కోసం లైబ్రరీలో అడుగు.

సీమ యాసలో రాస్తున్నావా? అయితే కథ చెప్పే గొంతు యాసలోనా, పాత్రల మాటలు మాత్రమేనా అన్నది ముందే తేల్చుకో. ఒక కాగితం మీద ప్రతి పాత్రా "వచ్చినాడు" అంటుందా "వచ్చాడు" అంటుందా రాసిపెట్టుకో. రెండో పేజీలో ఒకలా, అయిదో పేజీలో ఇంకోలా మాట్లాడే అవ్వను పాఠకులు ఇట్టే పట్టేస్తారు.

సగంకథ:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. మూడు పూటలే నాకు కుదిరేలా ఉంది. నోట్‌బుక్‌లో రాసింది మళ్ళీ టైప్ చేయాలంటే బద్ధకం. వాయిస్ టైపింగ్ పనికొస్తుందా? ఇంకోటి, ముందు ప్రతిలిపి యాప్‌లో పెట్టి, తర్వాత పత్రికకు పంపొచ్చా?

కంపోజింగ్‌టేబుల్:
చివరిదానికి ముందు జవాబు: వద్దు. పత్రికలు హామీపత్రం అడుగుతాయి. కథ సొంతమని, అనువాదం, అనుకరణ కాదని, ఎక్కడా ప్రచురితం కాలేదని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని అందులో సంతకం పెట్టాలి. బ్లాగు, ఫేస్‌బుక్, యాప్‌లలో పెట్టిందాన్ని కూడా చాలా పత్రికలు ప్రచురితం కిందే లెక్కేస్తాయి. లైకులు కావాలంటే యాప్‌కి వేరే కథ రాసుకోండి.

వాయిస్ టైపింగ్ పనికొస్తుంది. జీబోర్డ్‌లోనూ గూగుల్ డాక్స్‌లోనూ తెలుగు ఉంది. నోట్‌బుక్ చూసి చదువుతూ పోతే టైపింగ్ భారం చాలావరకు తగ్గుతుంది, పైగా బయటికి చదవడమూ అయిపోతుంది. కానీ కామాలు, కొటేషన్లు మీరే పెట్టుకోవాలి. యాస మాటలను అది ప్రామాణిక భాషలోకి మార్చేస్తుంది, ఒకే మాటను రెండుగా విడగొడుతుంది. ళ-ల, శ-ష దగ్గర కూడా కన్ను పెట్టాలి. అందుకని ఒక్కో సన్నివేశం చెప్పగానే అక్కడికక్కడే దిద్దండి. వారం తర్వాత చూస్తే మీరేం అన్నారో మీకే అర్థం కాదు.

పంపేటప్పుడు యూనికోడ్‌లో వర్డ్ ఫైలు పంపండి, ఫోన్‌తో తీసిన పేజీ ఫొటోలు కాదు. అను ఫాంట్స్ (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) అడిగే చోట్లు ఇంకా కొన్ని ఉన్నాయి, కన్వర్టర్‌తో మార్చాక ఒకసారి చదవాలి, ఒత్తులు తారుమారవుతాయి. పదాల పరిమితి పత్రికలోనే వేస్తారు, 1200 అంటే 1800 పంపకండి. కథ చివర పేరు, చిరునామా, ఫోన్ నంబరు, హామీపత్రం. నోట్‌బుక్ వెనక పేజీలో నాలుగు గడులు గీసుకోండి: కథ, ఎక్కడికి, ఏ తేదీన, ఏం చెప్పారు. తిరస్కరిస్తే చాలాచోట్ల జవాబే రాదు. వాళ్ళు చెప్పిన గడువు దాటితే, గడువు చెప్పకపోతే మూడు నెలలు చూసి, వెనక్కి తీసుకుంటున్నానని మెయిల్ పెట్టి ఇంకో చోటికి పంపండి. ఉగాది, దీపావళి, సంక్రాంతి పోటీల గడువులు పండగకు చాలా ముందే ముగుస్తాయి, ప్రకటన కోసం ఇప్పటినుంచే చూస్తూ ఉండండి.

సంకలనంలో వేస్తాం, ఇంత కట్టండి అని వాట్సాప్‌లో వచ్చేవాళ్ళకు మాత్రం రూపాయి ఇవ్వకండి.

మూడోచూపు:
ఒక్కటి ఎవరూ చెప్పలేదు. రాయకముందే రూమ్మేట్స్‌కి కథ చెప్పేయకండి. "భలే ఉంది" అనగానే రాయాలన్న కోరిక సగం తీరిపోతుంది. చిత్తుప్రతి పూర్తయ్యాకే ఒక్కరికి ఇవ్వండి. ఎలా ఉందని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. విసుగు పుట్టిన చోట గీత గీయమనండి, అర్థం కాని చోట సున్నా చుట్టమనండి. గీత ఉన్నచోటికి సాధారణంగా కాస్త పైనే కోత పడాలి, విసుగు అక్కడినుంచే మొదలై ఉంటుంది.

బహుమతుల సంగతికొస్తే, సాహిత్య అకాడెమీ యువ పురస్కారం 35 ఏళ్ళలోపు వాళ్ళకు, అదీ అచ్చయిన పుస్తకానికే. మీకు బోలెడు టైముంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆ ఫోన్ నోట్స్‌లోంచి ఈ వారం ఒక్క మొదటి పేజీ తీసి, దానికి మూడు లైన్లు రాసి ఇక్కడ పెట్టండి. మూడో లైను నిలుస్తుందో లేదో చూద్దాం.