డ్రాయింగ్‌లో 2 షీట్లు, మిల్లులో 3: తేడా ఎక్కడ?

ప్రశ్న:
2100 ఎత్తు, 1200 వెడల్పు, 2 అడుగుల (610) లోతున్న వార్డ్‌రోబ్, 18 మి.మీ. ప్లై. కొలతలన్నీ మి.మీ.లో. పక్కలు రెండు 2100×610. పైన, కింద, రెండు అరలు కలిపి నాలుగు 1164×610. స్కెచ్‌అప్ (3డి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్) ఉచిత వెర్షన్‌లో 2440×1220 షీటు గీసి ముక్కలు పేరిస్తే రెండిట్లో సరిగ్గా పట్టాయి. కటింగ్ మిల్లులో మూడు కావాలంటున్నారు. తలుపులు, వెనక ప్లై లెక్క వేరే.

జవాబు 1:
మిల్లు వాళ్లదే కరెక్టండీ. 610 రెండుసార్లు అంటే 1220, షీటు మొత్తం అయిపోయింది. మరి బ్లేడు తినేది? ఒక్కో కోతకి దాదాపు 3 మి.మీ., మేస్త్రీల లెక్కలో ఒక నూలు. రెండో పట్టీ 607కి దిగిపోతుంది. లోతు 595 చేయండి: 595+3+595=1193. మిగిలిన 27లో రెండు అంచులూ పదేసి మి.మీ. చెక్కేయొచ్చు. ఫ్యాక్టరీ అంచుని నమ్మొద్దు, మూలలు నలిగి వస్తాయి. పొడవులో 1164 రెండూ, కోతా కలిపి 2331, హాయిగా పడతాయి. పక్కలకి రెండు, ఆ నాలుగు ముక్కలకి రెండు, మొత్తం 4 పట్టీలు, 2 షీట్లు.

జవాబు 2:
చేత్తో పేర్చే బదులు ఓపెన్‌కట్‌లిస్ట్ వాడండి, ముక్కల్ని షీట్లలో పేర్చి చూపే స్కెచ్‌అప్ ఎక్స్‌టెన్షన్ అది. ఉచితమే, కానీ డెస్క్‌టాప్ స్కెచ్‌అప్‌లోనే నడుస్తుంది, బ్రౌజర్ వెర్షన్‌లో ఎక్స్‌టెన్షన్లు ఎక్కవు. ప్రతి ముక్కనీ కాంపొనెంట్ (విడి భాగం) చేయాలి, గ్రూపుగా వదిలేస్తే జాబితాలోకే రాదు. మెటీరియల్‌ని షీటు రకంగా పెట్టి మందం, సైజు, బ్లేడు మందం, అంచు ట్రిమ్మింగ్ ఇవ్వండి. గీతలున్న మైకా (ప్లై మీద అతికించే పల్చటి లామినేట్ షీటు) అయితే గ్రెయిన్ దిశ, అంటే గీతల దిశ, లాక్ చేయండి. లేదంటే చోటు కలిసొస్తుందని ముక్కని అడ్డంగా తిప్పేస్తుంది. ప్యానెల్ సా (షీట్లు కోసే రంపం మెషిన్) మీద కోత ఈ చివర నుంచి ఆ చివరకి పోవాల్సిందే, మధ్యలో ఆగి మలుపు తిరగదు. గీసిన ప్లాను అలా కోయగలిగేదేనా అన్నది కూడా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
595 చేశాను, రెండిట్లో వచ్చింది. ఇక కోయించేయనా?

జవాబు 3:
ఆగండి. మైకా ముందే రెండు వైపులా అతికిస్తారా? అప్పుడు మందం 18 కాదు, 20 దగ్గరికి వస్తుంది. బయటి కొలత 1200 ఉండాలంటే 1164 ముక్కలు 1160 అవ్వాలి. అతికించిన ముక్కనే కొలిచి ఆ అంకె వేయండి.

ఇంకోటి, 18 ప్లై అర మధ్యలో ఆనిక లేకుండా నాలుగడుగులంటే బట్టల బరువుకి కుంగుతుంది. ముందంచు కింద ఒకటిన్నర అంగుళాల టేకు పట్టీని దాని వెడల్పు నిలువుగా ఉండేలా కొట్టించండి, షీట్ల లెక్క మారదు. నడిమి పార్టిషన్ పెడితే మాత్రం 5 పట్టీలు, మూడో షీటు తప్పదు. అందులో మిగిలే సగాన్ని పొడవుగానే ఉంచమనండి, సొరుగులకి పనికొస్తుంది.