పండగ భోజనాల్లో ఇంట్లో పెద్దవాళ్లని ఎలా చూసుకుంటున్నారు?

తణుకు కోడలు:
ఈ సంక్రాంతికి అందరూ మా ఇంటికే వస్తున్నారు. మామగారికి షుగర్, బీపీ. అత్తగారికి పక్షవాతం వచ్చి తగ్గింది గానీ నీళ్లు తాగితే ఇప్పటికీ పొలమారుతోంది. వాళ్లిద్దరికీ విడిగా చప్పిడి తిండి పెడితే చిన్నబుచ్చుకుంటారు, అన్నీ పెట్టాలంటే నాకు టెన్షన్. మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారో చెప్పండి.

బెజవాడ వాసి:
మీ మామగారి విషయంలో బూరెల కంటే ముందు టైము చూసుకోండి. పండగనాడు పొద్దున్నే మాత్ర వేసుకుంటారు. ఆ తర్వాత పూజ, నైవేద్యం, అల్లుడుగారి రాక... విస్తళ్లు వేసేసరికి రెండవుతుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. మా నాన్నగారికి పూజలో కూర్చున్నచోటే చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, ఒకటడిగితే ఇంకోటి చెప్పారు. ఖాళీ కడుపు నీరసమనుకున్నారంతా. మా పిన్ని మెషిన్ తెచ్చి చూస్తే 58. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూశాం. 70 దాటాక ఇడ్లీ పెట్టాం. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు పండగైనా సరే, ఆయనకి టిఫిన్ ఎప్పటి టైముకే. నైవేద్యం పెట్టకుండా ఎలా అని నాన్నమ్మ అంటే, ముసలివాళ్లకీ జబ్బుపడ్డవాళ్లకీ ఆ పట్టింపు లేదని పురోహితులే సర్దిచెప్పారు.

స్పీచ్ థెరపిస్ట్, హైదరాబాద్:
తణుకు కోడలు గారూ, నీళ్లకి పొలమారుతోందంటే పండగలోపే ఒకసారి డాక్టరుకో, మింగడంలో ఇబ్బందులు కూడా చూసే మాలాంటివాళ్లకో చూపించండి. ఈలోగా పలచటి చారన్నం వద్దు. మెతుకు ఒకవైపు, నీళ్లు ఒకవైపు పోతాయి. అరిసె నమిలేకొద్దీ ముద్దయి అంగిట్లో అతుక్కుంటుంది, సకినం పొడిపొడిగా రాలుతుంది, రెండూ వద్దు. జీడిపప్పు, కిస్‌మిస్ వేయకుండా మెత్తగా మెదిపిన చిక్కటి పరమాన్నం, తాలింపు గింజలు లేని దద్దోజనం నయం. నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టండి. ఒకటి మింగాకే రెండోది. ఆ కాసేపు పిల్లలు ఆవిడని పలకరించకుండా చూడండి. తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. తిన్న తర్వాత గొంతు గరగరమంటుంటే తిండి దారి తప్పుతోందని అనుమానించాలి.

గొంతులో అడ్డుపడినా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. మాటా దగ్గూ రెండూ రాకపోతే ముందుకు వంచి వీపు మీద రెండు భుజం రెక్కల మధ్య, మణికట్టు దగ్గరుండే అరచేతి గట్టి భాగంతో గట్టిగా 5 సార్లు కొట్టాలి. అప్పటికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకి కాస్త పైన 5 సార్లు లోపలికీ పైకీ నొక్కాలి. ఒకరు ఇది చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. నీళ్లు తాగించొద్దు, కనబడనిదానికోసం నోట్లో వేలు పెట్టొద్దు.

కరీంనగర్ బిడ్డ:
బీపీ ఉందని సోడియం తక్కువుండే ఉప్పు కొంటున్నారు చాలామంది. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు అది ప్రమాదం, డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు. ఇంకోటి, పండుగ పూట వంటింట్ల నూనె చుక్కలు, వాకిట్ల కళ్లాపి తడి. మా అమ్మ జారింది అట్లనే.

నెల్లూరు పెద్దాయన:
నాకు 74 ఏళ్లమ్మా, షుగర్ ఉంది. నలుగురిలో "మామయ్యా, మీకొద్దు" అంటే మనసు చివుక్కుమంటుంది. మా కోడలు ముందురోజే వచ్చి, "బొబ్బట్టు ఒకటి తినండి, ఆ పూట అన్నం తగ్గిద్దాం" అంటుంది. ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు. పంక్తిలో అందరితోపాటే కూర్చుంటాను, కాకపోతే కుర్చీలో.

తణుకు కోడలు:
చాలా థాంక్సండీ. మామగారితో ఈ రాత్రే మాట్లాడతాను. అత్తగారిని చూపించడానికి రేపటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. పరమాన్నం ఆవిడకి విడిగా చిన్న గిన్నెలో చేస్తాను.